ఎగఊపిరికి ఎన్ని లీటర్లు?

వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్పించే రీబ్రీదర్ల మీద పోయిన నెల రాసిన నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేననుకోలేదు. అన్నిటికీ ఈ పేజీలో జవాబు రాయడం కుదరదు. డీకంప్రెషన్ (లోతు నుంచి ఆగి ఆగి పైకి రావడం) గురించి, రీబ్రీదర్ పాడైతే పీల్చే బెయిలౌట్ గ్యాస్ గురించి అడిగినవాటినే ఈసారి తీసుకున్నాను. మొదటి ఉత్తరమే చాలా చోటు మింగేసింది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్ర: సర్, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మ్యూనిక్‌లో ఉద్యోగం. ఆరేళ్లుగా డైవింగ్ చేస్తున్నాను. రీబ్రీదర్ కోర్సు, ఆ తర్వాత హీలియం కలిపిన ట్రైమిక్స్ కోర్సు అయిపోయాయి. అక్టోబరులో ఈజిప్టులోని దహాబ్‌కి వెళ్లి 60 మీటర్ల లోతుకి, అడుగున 25 నిమిషాలు డైవ్ చేద్దామని నేనూ మా ఫ్రెండూ అనుకుంటున్నాం. డైల్యూయెంట్ (రీబ్రీదర్‌లో ఆక్సిజన్‌తో కలిసే గ్యాస్), బెయిలౌట్ రెండూ 18/45 ట్రైమిక్సే. నా ఊపిరి ఖర్చు నిమిషానికి 15 లీటర్లు. చాలాసార్లు కొలిచాను. ఆ లెక్కన 60 నుంచి 21 మీటర్ల దాకా రావడానికి 700 లీటర్ల చిల్లర చాలు. 5.7 లీటర్ల చిన్న సిలిండర్‌లో 200 బార్లకు 1,140 లీటర్లు పడతాయి. మా వాడేమో 11 లీటర్లది తప్పదంటున్నాడు. అంత బరువు అవసరమా?

జ: మీ ఫ్రెండ్ మాటే నా మాట. మీ కూడికలు, గుణింతాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా ఆ 15 లీటర్ల మనిషిని నమ్ముకోవడంలో ఉంది. బెయిలౌట్ నోట్లో పెట్టుకోవాల్సి వచ్చిన రోజున వాడు మీతో ఉండడు.

ఈ గొడవ తెలియని పాఠకుల కోసం కాస్త చెప్పి ముందుకెళ్తాను. మామూలు స్కూబాలో వదిలిన ఊపిరి బుడగలై పైకి పోతుంది. రీబ్రీదర్‌లో పోదు. ఒక డబ్బాలో ఉండే సోడాలైమ్ గుళికల మధ్య నుంచి వెళ్లి, కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడ వదిలేసి, ఒంటికి ఖర్చయినంత ఆక్సిజన్ మళ్లీ కలుపుకుని నోటికి తిరిగొస్తుంది. ఎంత లోతున ఉన్నా ఒళ్లు వాడుకునే ఆక్సిజన్ నిమిషానికి లీటరుకి కాస్త అటూ ఇటూ. అందుకే మూడు లీటర్ల బుల్లి సిలిండర్‌తో గంటలు గడపొచ్చు. ఈ చక్రంలోకి నీళ్లు చేరినా, సోడాలైమ్ పని చేయకపోయినా, సెన్సర్లు అబద్ధం చెప్పినా దాన్ని వదిలేసి, పక్కన వేలాడుతున్న సిలిండర్ నుంచి మామూలు స్కూబాలాగా పీలుస్తూ పైకి రావాలి. ఆ సిలిండరే బెయిలౌట్. దానికి మాత్రం ఎంత లోతుకి అంత ఖర్చు. 60 మీటర్ల దగ్గర ఒత్తిడి 7 బార్లు. ఒడ్డున ఒక లీటరు పీల్చేవాడికి అక్కడ ఏడు లీటర్లు పోతాయి.

ఇక మీ ప్రశ్న. మనిషి ప్రశాంతంగా ఉండగా రీబ్రీదర్ పాడైతే మీ 15 లీటర్ల లెక్క నిలబడొచ్చు. కానీ అన్నిటికన్నా పాడు రోగం కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది పెరిగితే ముందుగా చెడేది ఊపిరే. నా సంగతే చెబుతాను.

నేవీలో డైవర్‌గా రిటైరయ్యాక పదమూడేళ్లు దహాబ్‌లో పాఠాలు చెప్పాను. అక్కడ బ్లూ హోల్ అని ఒడ్డు పక్కనే నీలం బావి లాంటిది ఉంటుంది. యాభై మీటర్లు దాటాక దాని గోడలో సముద్రంలోకి తెరుచుకునే పెద్ద ఆర్చ్. పక్కన కొండరాయి మీద, అక్కడ చనిపోయినవాళ్ల పేర్లతో పలకలు. రోజూ వాటి ముందే సిలిండర్లు దింపుకునేవాళ్లం. ఒకరోజు ఆర్చ్ దాటి 54 మీటర్ల దగ్గర చిన్న కరెంటుకి ఎదురు ఈదుతున్నాను. మొదట వచ్చింది ఆయాసం కాదు, చిరాకు. పక్కనున్నవాడి టార్చ్ వెలుగు కంట్లో పడుతోందని వాడి మీద ఎంత కోపం వచ్చిందంటే, తిట్టడానికి నోట్లో మౌత్‌పీస్ అడ్డొచ్చింది గానీ లేకపోతే తిట్టేవాణ్ణే. ఆ తర్వాత ఊపిరి చాలలేదు. చేతి మీద తెర చూసుకుంటే ఆక్సిజన్ ఒత్తిడి 1.3 బార్లు అని చక్కగా కనిపిస్తోంది. మూడు సెన్సర్లూ పచ్చగా ఉన్నాయి. అవి ఆక్సిజన్‌ని చూస్తాయి తప్ప కార్బన్ డయాక్సైడ్‌ని చూడవు.

బెయిలౌట్ వాల్వ్ మౌత్‌పీస్‌లోనే ఉంది. ఒక్క మీట తిప్పితే చాలు. చెయ్యి మీట మీదికి వెళ్లింది. అయినా తిప్పలేదు. ఇంకొక్క ఊపిరి, ఇంకొక్క ఊపిరి అనుకుంటూ ఎన్ని పీల్చానో తెలియదు. కార్బన్ డయాక్సైడ్ తలకెక్కితే బుర్ర అలాగే పని చేస్తుంది. మీట తిప్పాక కూడా ఊపిరి ఒక పట్టాన కుదురుకోలేదు. మంచి గ్యాస్ పీలుస్తున్నా కొన్ని నిమిషాల పాటు ఎగఊపిరే. 21 మీటర్లకు వచ్చి గేజ్ చూస్తే 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల నుంచి 70కి దిగింది. అంటే 1,430 లీటర్లు. మామూలు రోజున నా ఖర్చు నిమిషానికి 14 లీటర్లు, మీకన్నా ఒకటి తక్కువే.

తప్పు నాదే. ముందురోజు రాత్రి అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ సోడాలైమ్ నింపాను. మా అమ్మ మానికతో బియ్యం కొలిచేటప్పుడు రెండుసార్లు నేలకి తట్టి, కుదించి, మళ్లీ పోసి తలకొట్టేది. డబ్బా కూడా అలాగే తడుతూ నింపాలి. నేను తట్టలేదు. తర్వాత తెరిచి చూస్తే ఒకవైపు గుళికలు కిందికి జారి గోడ పక్కన సందు పడింది. నా ఊపిరి దగ్గరిదారి చూసుకుని ఆ సందులోంచి వెళ్లిపోయింది. దిగే ముందు ఒడ్డున ఐదు నిమిషాలు పీల్చి చూసుకున్నాను కూడా. అప్పుడేమీ తెలియలేదు. సోడాలైమ్ కొంతే పని చేస్తుంటే ఆ ఐదు నిమిషాల్లో చాలామంది పసిగట్టలేరని, అసలు లేకపోయినా కొందరికి తెలియదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పరీక్ష చెయ్యండి, కానీ దాన్ని నమ్ముకోకండి.

ఇప్పుడు మీ డైవ్‌కి లెక్క వేద్దాం. ఇవి లెక్క ఎలా వేయాలో చూపించే అంకెలు మాత్రమే. మీ షెడ్యూలు మీ సాఫ్ట్‌వేర్‌తో మీరు వేసుకోవాల్సిందే. అడుగున 25వ నిమిషంలో, అంటే అన్నిటికన్నా చెడ్డ సమయంలో రీబ్రీదర్ పోయిందనుకోండి. తేరుకోవడానికి రెండు నిమిషాలు. నిమిషానికి 40 లీటర్ల చొప్పున, 7 బార్ల దగ్గర, 560 లీటర్లు. 60 నుంచి 21 దాకా నిమిషానికి 9 మీటర్ల వేగంతో వస్తే నాలుగున్నర నిమిషాలు అనుకుందాం. సగటున 5 బార్లు, ఊపిరి 30 లీటర్లకు తగ్గింది. ఇది 675. దారిలో 27 మీటర్ల ప్రాంతంలో మూడు నిమిషాల స్టాపులు, 25 లీటర్ల చొప్పున, ఇంకో 277. మొత్తం 1,512 లీటర్లు. ఇదే మీ 15 లీటర్లతో వేస్తే 714. మీ 700 చిల్లర ఇదే.

మీ చిన్న సిలిండర్‌లో ఉన్నది 1,140. అడుగున 40 లీటర్ల చొప్పున పీలిస్తే నిమిషానికి 280 లీటర్లు, అంటే నాలుగు నిమిషాలు. అది కూడా చివరి బారు దాకా రెగ్యులేటర్ ఇస్తుందనుకుంటే. 11.1 లీటర్ల సిలిండర్‌లో 2,220 ఉంటాయి. 1,512 పోయినా 60 బార్ల పైన మిగులుతుంది. నిజానికి 40 కూడా తక్కువ అంచనాయే అనేవాళ్లున్నారు. నేను వాళ్లతో వాదించను.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పడానికి ఇంకొకరి కథ. డేవిడ్ షా ఆస్ట్రేలియాకి చెందిన విమాన పైలట్. 1994లో దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ అనే నీటిగుహలో డియాన్ డ్రేయర్ అనే యువకుడు మునిగిపోయాడు. పదేళ్ల తర్వాత 270 మీటర్ల లోతున ఆ శరీరం షాకి కనిపించింది. దాన్ని పైకి తెచ్చి తల్లిదండ్రులకు అప్పగించాలని 2005 జనవరి 8న రీబ్రీదర్‌తో మళ్లీ దిగాడు. అడుగున తాడు చిక్కుపడింది. విడిపించుకునే పెనుగులాటలో ఊపిరి వేగం పెరిగింది. అంత లోతున గ్యాస్ చిక్కగా ఉంటుంది. ఎంత వేగంగా పీల్చినా ఊపిరితిత్తుల నుంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. ఆయన హెల్మెట్ కెమెరాలో ఆ ఊపిరి శబ్దమంతా రికార్డయింది. వైద్యులు తర్వాత దాన్ని విని విశ్లేషించారు. పక్కనే బెయిలౌట్ ఉండి కూడా వాడుకోలేని స్థితి అది. షా ప్రాణాలతో పైకి రాలేదు.

అందుకే మీ 18/45 గురించి కూడా ఒక మాట. అంటే 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగిలింది నైట్రోజన్. 60 మీటర్ల దగ్గర అది లీటరుకి 5.6 గ్రాములు తూగుతుంది. లీటరుకి 5.2 గ్రాముల లోపు ఉంచుకోండి, 6.2 ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకండి అన్నది ఇప్పుడు పరిశోధకులు ఇచ్చే సలహా. మామూలు గాలి అయితే అక్కడ 9 గ్రాములు! 15/55కి మారండి. 4.8కి దిగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. 18/45లో ఆ లోతున ఆక్సిజన్ ఒత్తిడి 1.26 బార్లు, మీ సెట్ పాయింట్ (రీబ్రీదర్ పట్టి ఉంచే ఆక్సిజన్ ఒత్తిడి) 1.3. రెండూ పక్కపక్కనే ఉంటే, సెన్సర్ల మీద అనుమానం వచ్చి చక్రాన్ని డైల్యూయెంట్‌తో కడిగి నింపినప్పుడు (ఫ్లష్) అంకె మారిందో లేదో ఏం తెలుస్తుంది? 15/55 అయితే 1.05కి దిగాలి. దిగకపోతే సెన్సర్ మోసం చేస్తోందని అర్థం. అయితే నీటిపైన 15/55 పీల్చకూడదు. అందులో ఉన్న ఆక్సిజన్ ఒడ్డున మనిషికి చాలదు.

మీ చిన్న సిలిండర్ పారేయక్కర్లేదు. అందులో 50 శాతం నైట్రాక్స్ (సగం ఆక్సిజన్, సగం నైట్రోజన్) నింపండి. 21 మీటర్ల దగ్గర దాని ఆక్సిజన్ ఒత్తిడి 1.55 బార్లు, అక్కడి నుంచే వాడొచ్చు. 21 నుంచి 9 మీటర్ల దాకా పదిహేడు నిమిషాల స్టాపులు పడ్డాయనుకుంటే, నిమిషానికి 20 లీటర్లతో 766 లీటర్లు. ఆరు మీటర్ల దగ్గర ఇరవై నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్, 640 లీటర్లు. దానికి ఇంకో చిన్న సిలిండర్. ఇక్కడికి వచ్చేసరికి ఊపిరి కుదుటపడి ఉంటుంది కాబట్టి 20 చాలు. నైట్రాక్స్‌కి మారగానే కళ్లు తిరిగినట్టో, చెవిలో హోరుగానో ఉంటే నిర్లక్ష్యం చేయకండి. హీలియం ఎక్కువున్న గ్యాస్ నుంచి నైట్రోజన్ ఎక్కువున్న గ్యాస్‌కి ఒక్కసారిగా దూకితే లోపలి చెవి ఒప్పుకోకపోవచ్చు. 15/55లో 21 మీటర్ల దగ్గర నైట్రోజన్ ఒత్తిడి 0.93 బార్లు, 50 శాతంలో 1.55. అది చిన్న దూకుడు కాదు.

షెడ్యూళ్లు రెండు వేయండి. రీబ్రీదర్ మీద ఒకటి, బెయిలౌట్ మీద ఒకటి. రెండోదే పొడవు. రీబ్రీదర్ ప్రతి లోతులోనూ 1.3 పట్టి ఉంచుతుంది. సిలిండర్‌లోని 15/55 అయితే 24 మీటర్ల దగ్గర 0.51 మాత్రమే ఇస్తుంది, ఒంట్లోని వాయువు నెమ్మదిగా దిగుతుంది. గ్రేడియంట్ ఫ్యాక్టర్లు (స్టాపులు ఎంత జాగ్రత్తగా వేయాలో కంప్యూటర్‌కి చెప్పే అంకెలు) ఏం పెట్టుకున్నారో మీరు రాయలేదు. నేను 50/80 పెడతాను. ఒకప్పుడు లోతు స్టాపులు ఎంత ఎక్కువుంటే అంత మంచిదనే మోజు మాకందరికీ ఉండేది. అమెరికా నేవీ 52 మీటర్ల గాలి డైవ్‌ల మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో లోతు స్టాపులు పెట్టినవాళ్లకే బెండ్స్ (డీకంప్రెషన్ జబ్బు) ఎక్కువొచ్చాయి. ఆ మోజు అప్పుడే వదిలింది. లోతున ఆగితే అక్కడ బెయిలౌట్ గ్యాస్ కూడా ఎక్కువ ఖర్చయిపోతుంది కదా.

ఇంకొక్కటే. నింపిన ప్రతి సిలిండర్‌నీ మీరే అనలైజర్‌తో పరీక్షించి, ఎంత లోతు వరకు పీల్చొచ్చో ఆ అంకె అరచేయంత పెద్దగా టేపు మీద రాసి మెడ దగ్గర అంటించండి. నేనొకచోట అద్దెకి తెచ్చిన సిలిండర్ మీద '21' అని టేపు ఉంది. లోపల మాత్రం స్వచ్ఛమైన ఆక్సిజన్. పాత టేపు ఎవరూ పీకలేదు. 21 మీటర్ల దగ్గర దాన్ని పీల్చి ఉంటే 3.1 బార్లు. ఫిట్స్ రావడానికి అంత అక్కర్లేదు.

ప్ర: నమస్తే అండీ. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఈమధ్య సెకండ్ హ్యాండ్ రీబ్రీదర్ కొన్నారు. 'ఏమైనా అయితే పైకి వచ్చేస్తాగా' అంటారు. మళ్లీ ఆయనే 'పైకి రావడానికి గంట పడుతుంది' అంటారు. ఏది నిజం? నాకు టెన్షన్‌గా ఉంది. ఆయన్ని నేనేం అడగాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జ: రెండోది నిజం అమ్మా. లోతులో పీల్చిన నైట్రోజన్, హీలియం రక్తంలోకీ కొవ్వులోకీ కరిగిపోతాయి. గోలీసోడా గోలీని ఒక్క వేటున నొక్కితే ఏమవుతుందో మీకు తెలుసు. మెల్లగా నొక్కి కాస్త గాలి వదిలి, మళ్లీ నొక్కితే చొక్కా తడవదు. ఆయన మధ్యమధ్యలో ఆగుతూ రావడం అందుకే. గంట డీకంప్రెషన్ ఉన్నవాడు ఏమైనా అయిందని నేరుగా పైకి వస్తే బతికినా నడుము కింద చచ్చుబడొచ్చు. అందుకే బెయిలౌట్ అంటే నీళ్లపైకి వచ్చే గ్యాస్ అనుకోకూడదు. ఆ గంటంతా నీళ్లలోనే ఉండడానికి సరిపడే గ్యాస్ అది.

అడగాల్సినవి అడగండి. ఆయన మొహమాటపడినా సరే. ఆక్సిజన్ సెన్సర్ల మీద తయారైన తేదీ ఉంటుంది. అదేంటో అడగండి. పాత యంత్రంతో పాటు పాత సెన్సర్లు వస్తాయి, ఏడాది, ఏడాదిన్నర దాటినవి మార్చేయాలి. సోడాలైమ్ ఎప్పుడు మార్చారో, మొన్నటి డైవ్‌ది ఇంకో గంట వస్తుందని దాచారేమో అడగండి. బెయిలౌట్ సిలిండర్ ఈమధ్య ఎప్పుడైనా నీళ్లలో నిజంగా పీల్చి చూశారా అని కూడా. చాలామంది పీల్చరు. హీలియం ఖరీదు. ఒకసారి నింపిన సిలిండర్ ఎనిమిది నెలలు అలాగే మోస్తూ తిరుగుతారు, లోపల ఇసుక చేరిన రెగ్యులేటర్‌తో సహా. ఆ యంత్రం మీద ఆయనకి ఎవరు ట్రైనింగ్ ఇచ్చారో కూడా తెలుసుకోండి. ఒక కంపెనీ రీబ్రీదర్ మీద నేర్చుకున్నది ఇంకో కంపెనీదానికి సరిపోదు. డైవ్ వద్దని మాత్రం అనకండి. అంటే మీకు చెప్పకుండా వెళ్తారు.

ప్ర: డీకంప్రెషన్ పట్టికలు తయారుచేసిన హాల్డేన్, మా కాకినాడ మెడికల్ కాలేజీకి శరీరం ఇచ్చిన హాల్డేన్ ఒకరేనా? (రిటైర్డ్ లెక్చరర్, కాకినాడ)

జ: కాదు మాస్టారూ, తండ్రీ కొడుకులు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిష్ నేవీ కోసం మేకల్ని పీడన గదిలో పెట్టి ప్రయోగాలు చేసి, 1908లో మొదటి పట్టికలు ప్రచురించాడు. శరీరంలో కొన్ని భాగాలు ఐదు నిమిషాల్లో సగం నిండితే కొన్నిటికి 75 నిమిషాలు పడుతుందని లెక్క కట్టాడు. ఇప్పటి మా చేతి కంప్యూటర్లలో ఉండేది జ్యూరిక్‌లో బ్యూల్‌మన్ విస్తరించిన పదహారు భాగాల లెక్క. అందులో అన్నిటికన్నా నెమ్మదైనదానికి 635 నిమిషాలు. మూలం మాత్రం ఆ మేకలే.

కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయారు. మీరన్నట్టు ఆయన శరీరం రంగరాయ మెడికల్ కాలేజీకి వెళ్లింది. పై ఉత్తరాలకు ఈయనకు కూడా సంబంధం ఉంది. 1939 జూన్‌లో లివర్‌పూల్ తీరంలో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది పోయారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతే మనిషి ఎలా అయిపోతాడో తేల్చడానికి హాల్డేన్ తనని తాను మూసిన గదిలో పెట్టించుకున్నారు. ఎగఊపిరి, తలనొప్పి, బుద్ధి మందగించడం అన్నీ తన ఒంటిమీదే చూసుకుని రాశారు. ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చి ఫిట్స్ తెచ్చుకుని వెన్నుపూస దెబ్బతీసుకున్నది కూడా ఆయనే. నేను దహాబ్‌లో పాఠం మొదలుపెట్టేటప్పుడు ఈ మాట చెబితే ఇంగ్లండ్ కుర్రాళ్లు నమ్మేవాళ్లు కాదు, 'మీ హాల్డేన్ మా గోదావరి జిల్లాలో ఉన్నాడు' అంటే.

ప్ర: అన్నా, నేను అండమాన్‌లో డైవ్ మాస్టర్‌ని. మాది శ్రీకాకుళం. ముగ్గురు కలిసి రీబ్రీదర్ డైవ్‌కి వెళ్తే అందరూ పూర్తి బెయిలౌట్ మోయక్కర్లేదనీ, ఒక మనిషికి కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు ముగ్గురూ పంచుకుని మోస్తే చాలనీ విన్నాను. కరెక్టేనా?

జ: కాగితం మీద కరెక్టే తమ్ముడూ. ఒకేసారి ఇద్దరి యంత్రాలు పోవన్న నమ్మకం మీద నిలబడిన పద్ధతి అది. ముగ్గురూ చివరిదాకా కలిసే ఉంటారన్న నమ్మకం ఇంకొకటి. మొదటిది చాలావరకు నిజం, ఒకే డబ్బా సోడాలైమ్‌ని ముగ్గురూ పంచుకోనంతవరకు. రెండోదే నాకు నచ్చదు. నీటిలో మట్టి లేచినా, కరెంటు లాగినా ముందు విడిపోయేది మనుషులే. ఎగఊపిరి పట్టినవాడు పక్కవాడి కోసం ఆగి, వాడు సిలిండర్ విప్పి, క్లిప్ తీసి ఇచ్చేదాకా ఓపిక పట్టలేడు. నా పద్ధతి ఏంటంటే అడుగు నుంచి మొదటి గ్యాస్ మార్పు దాకా ఎవరిది వాళ్లే మోయాలి, బేరం లేదు. ఆపైన 21 మీటర్ల నైట్రాక్స్, 6 మీటర్ల ఆక్సిజన్ దగ్గర పంచుకుంటామంటే ఒప్పుకుంటాను. అక్కడ చేతి సైగలు చేసుకునే తీరిక ఉంటుంది. బోటు తాడుకి 6 మీటర్ల దగ్గర ఆక్సిజన్ వేలాడదీసి, దాన్నే ప్లాన్‌లో కలిపేసే అలవాటు కూడా ఉంది. తాడు చేరలేకపోతే? అందుకే అది అదనం అనుకోండి, లెక్కలో కలపొద్దు.

ప్ర: అంకుల్, నేను గాజువాకలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మన వైజాగ్‌లో ఐఎన్ఎస్ నిస్తార్ అనే షిప్ ఉంది కదా. అందులో డైవర్లు 300 మీటర్లకి వెళ్తారంట. వాళ్లకి కూడా బెయిలౌట్ ఉంటుందా? నేను కూడా డైవర్ అవ్వాలంటే ఏం చెయ్యాలి?

జ: ఉంటుంది నాన్నా. నిస్తార్ మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టారు, 2025 జూలై 18న నేవీలో చేరింది. అదే పేరుతో 1971లో చేరిన పాత నిస్తార్ ఇంకొకటి ఉండేది. మన తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి డైవర్లు దిగింది దాని మీద నుంచే. కొత్తదాంట్లో చేసేదాన్ని శాచురేషన్ డైవింగ్ అంటారు. డైవర్లు రోజుల తరబడి ఓడలోనే ఒత్తిడి గదిలో ఉంటారు, అందులోంచి గంటలాంటి తొట్టెలో కిందికి దిగుతారు, పని అయ్యాక మళ్లీ ఆ గదికే వస్తారు. డీకంప్రెషన్ రోజూ చేయరు, చివర్లో ఒక్కసారే చేస్తారు. దానికే చాలా రోజులు పడుతుంది. వాళ్లకి గ్యాస్ తొట్టె నుంచి గొట్టంలో వస్తుంది. గొట్టం తెగితే వీపు మీద ఉన్న సిలిండరే బెయిలౌట్.

అది ఎంతసేపు వస్తుందో చెప్పనా? 2012 సెప్టెంబరులో ఉత్తర సముద్రంలో క్రిస్ లెమన్స్ అనే డైవర్‌కి దాదాపు 90 మీటర్ల లోతున గొట్టం తెగిపోయింది. పై ఓడ అదుపు తప్పి కొట్టుకుపోయింది. వీపు మీద ఉన్న గ్యాస్ కొద్ది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత అరగంట దాకా ఊపిరి లేకుండా చల్లటి నీళ్లలో పడి ఉన్నాడు. తోటి డైవర్ తొట్టెలోకి లాక్కొచ్చాక, తొట్టెలో ఉన్న ఇంకో డైవర్ రెండు ఊపిరులు ఊదాడు. లేచాడు. ఎందుకు బతికాడన్నదానికి చల్లటి నీళ్లు, ఒంట్లో నిండి ఉన్న ఆక్సిజన్ కారణమంటారు. నిస్తార్ మీద చేరాలంటే ముందు నేవీలో చేరాలి, తర్వాత కొచ్చిలో డైవింగ్ స్కూల్. దానికి ఇంకా టైముంది.

ఈలోగా ఒక పని చెయ్యి. ఆదివారం మీ నాన్నతో సింహాచలం వెళ్లు, బస్సులో కాదు, మెట్ల దారిన. కింద నిలబడి నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తున్నావో లెక్కపెట్టు. పైకెక్కగానే, కూర్చోకుండా, మళ్లీ లెక్కపెట్టు. రెండు అంకెలూ ఒక కార్డు మీద రాసి నాకు పంపు.